మూడు కుట్ల అలుగు

అలుగు పొట్ట మీద ఉన్న మూడు నల్లటి కుట్లు తాను వేసినవేనని గుర్తుపట్టగానే పశువుల డాక్టర్ సంగీత కత్తెర పక్కన పెట్టింది.

పదిహేను రోజుల క్రితం కోరుట్లలో, ఒంటినిండా పొలుసులుండే అలుగులు అంతరించిపోతున్నాయని విరాళాల సభ జరిగింది. అక్కడ దీని గాయం కుట్టి, అడవిలో వదలవచ్చని సంతకం పెట్టింది ఆమే. సభ కాగానే గుట్ట దగ్గర వదిలారు. ఇప్పుడది సిరిసిల్లలో ఆమె బల్ల మీద ఉంది. కుట్ల చుట్టూ చీము. పొలుసుల సందుల్లో గోనెపీచు, ఈగలు. కంపు కొడుతోంది.

తెచ్చింది ఆ సభ పెట్టిన సొసైటీ అధ్యక్షుడు సాయినాథ్. రుద్రంగి దగ్గర ఎండిన బావిలో పడితే నిన్ననే కాపాడామన్నాడు. మధ్యాహ్నం ఇక్కడి గుట్ట దగ్గర అలాంటిదే ఇంకో సభకు మరమగ్గాల యజమానులు వస్తున్నారట. ఫోటోల్లో కాస్త హుషారుగా కనపడేలా ఏదైనా సూది వెయ్యమని అడిగి, పెట్టె అక్కడే ఉంచి శాలువాలు కొనడానికి వెళ్లాడు.

మళ్లీ పెట్టెలోకి ఎక్కిస్తే సాయంత్రానికి చచ్చిపోతుంది. ఊరికే దాచేస్తే వాడు ఇంకోదాన్ని పట్టిస్తాడు. సంగీత దానికి సెలైన్ పెట్టింది. గదికి తాళం వేసి, అటవీ అధికారి పద్మజకు ఫోన్ చేసింది. తర్వాత ఖాళీ పెట్టెకు తాడు బిగించి, సూది వేశాను, పెట్టె నేనే తెస్తానని సాయినాథ్‌కు కబురు పెట్టింది.

అప్పుడు కోరుట్ల సభ గుర్తొచ్చింది. పెట్టె తెరవగానే అలుగు బంతిలా ముడుచుకుంది. జనం చప్పట్లు కొట్టి, దాని పక్కన కూర్చుని ఫోటోలు దిగారు. అది బెదిరిపోయిందని, దాని మానాన దాన్ని వదిలేసి అందరూ భోజనాలకు రమ్మని సాయినాథ్ మైకులో పిలిచాడు. వెళ్లారు. మటన్ వరసలో ముందు నిలబడింది తనే.

సిరిసిల్ల గుట్ట దగ్గరా అదే తంతు నడిచింది. శాలువాలు, ఉపన్యాసాలు. పెట్టె తెరవడానికి సాయినాథ్ వంగేసరికి సంగీత దాని పక్కనే బండ మీద కూర్చుంది.

"ఇయ్యాల అది నడిచి పొదల్లకు పోయేదాక ఎవ్వలం లేవద్దు. తర్వాతనే బువ్వ."

పెద్ద మొత్తం ఇచ్చిన మగ్గాల యజమాని చంద్రయ్య నవ్వుతూ తువ్వాల పరిచాడు. "మగ్గం కాడ పన్నెండు గంటలు నిలవడ్డోళ్లం డాక్టరమ్మా. గీడ గంటసేపు కూసోలేమా?"

ఆయన్ను చూసి అందరూ కూర్చున్నారు. సాయినాథ్ మొహం వాడిపోయింది. తాడు మీది చెయ్యి తీసేసి, కూర చల్లారిపోతుందని ఒకసారి, ఎండ ఎక్కువైందని ఒకసారి అన్నాడు. ఎవరూ కదలలేదు. చివరికి చంద్రయ్యే లేచి తాడు విప్పాడు.

పెట్టె ఖాళీ.

"ఏది?" సాయినాథ్ సంగీత మీదికి వచ్చాడు. "యాడ దాసినవ్ దాన్ని?"

"కోరుట్లల వదిలినంక అది గుట్టల ఉండాలె గదా. నేనేసిన కుట్లతోని రుద్రంగి బాయిలకు ఎట్లచ్చింది సాయినాథ్?"

ఆడవాళ్ల మధ్య మామూలు చీరలో కూర్చున్న పద్మజ లేచి తానెవరో చెప్పింది. చంద్రయ్య తన భుజం మీది శాలువా తీసి సాయినాథ్ కాళ్ల దగ్గర పడేశాడు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

సాయినాథ్ వంగి ఆ శాలువా తీసి దుమ్ము దులిపాడు.

"ఉన్నది ఒక్కటే," అన్నాడు. "మెట్‌పల్లి సభల అదే, కోరుట్ల సభల అదే. ఇంకోటి దొరకాల్నంటే ఆర్నెల్లు పడ్తది. ఉత్త ఫోటో చూపిస్తే పైసలెవ్వలిస్తరు? కండ్ల ముంగట వదలాలె. మీరు తినవోంగనే గోనె సంచిల ఏసుకొని పోయిన. ముడుసుకొని ఉంటది, ఎత్తుకునుడు అల్కగనే. ఒక్కలన్న ఎన్కకు మర్రి చూసిండ్రా? మెట్‌పల్లిల తీగ గుచ్చుకున్నది, గది నా తప్పే. సూది ఏస్తవనుకున్న గని, ముడుసుకున్నదాన్ని ఇప్పి కుట్లు చూస్తవనుకోలే. దానికి చీమలు, చెదలు కావాల్నట. రోజు నేనేడికెల్లి తేవాలె? అన్నం పెట్టిన. తినలే."