వచ్చిందా అని అడిగితే

ఆక్యుపంక్చర్ సూది గుచ్చిన ప్రతిసారీ డాక్టర్ ఫాంగ్ ఒకటే అడిగేది: "వచ్చిందా, పెద్దాయనా?"

వచ్చేదేమిటో చైనాలోని యాంగ్‌జౌలో అందరికీ తెలుసు. సూది సరైన చోట దిగితే లోపల బరువుగా, తిమ్మిరిగా, పులుపు తగిలిన పన్నులా జివ్వుమంటూ ఏదో పాకుతుంది. అది వస్తేనే లెక్క. తెంగ్ గోలియాంగ్‌కి రెండు వారాలుగా చీమ కుట్టినంత కూడా లేదు. అయినా "వచ్చింది తల్లీ, బ్రహ్మాండంగా వచ్చింది" అనేవాడు.

ఏం చేస్తాడు మరి? ఆ పిల్లకి ఇరవై ఏడేళ్లు. వెనకాలే గురువుగారు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. గురువు ముందు శిష్యురాలి పరువు తీయడం తెంగ్ వల్ల కాలేదు. తనూ నలభై ఏళ్లు స్నానశాలలో జనం కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఆనెకాయలు చెక్కినవాడే. పనిలో చేరిన కొత్తలో, స్నానానికొచ్చిన ఒకాయన, గురువు ఎదుటే "వీడికింకా చెయ్యి తిరగలేదు" అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కానీ మొహమాటానికి కడుపు ఊరుకోదు కదా. పెద్దపేగు కేన్సర్‌కి మూడు కీమోలు అయ్యాయి. ఆసుపత్రివాళ్లిచ్చిన మాత్రలు వేసుకున్నా వికారం తగ్గలేదు, అందుకే ఈ సూదులు. గంజి తాగితే గంజి, నీళ్లు తాగితే నీళ్లు, తిరుగు టపాలో వచ్చేసేవి. సోమవారానికి సరిగ్గా యాభై కిలోలున్నాడు. గురువారం తూకంలో అంతకంటే తగ్గితే నాలుగో కీమో వాయిదా అన్నారు.

ఆ సోమవారం కూడా "వచ్చింది" అన్నాడు.

పక్కమంచం మీద, భుజం నిండా సూదులతో పడుకున్న చూ పిన్ని తల తిప్పింది. "వచ్చిన మొహమా అది? వస్తే కనుబొమలు ముడిపడతాయయ్యా. నీది టికెట్టు కొనకుండా బస్సెక్కినవాడి మొహం!"

"నీ సూదుల సంగతి చూసుకో," అన్నాడు తెంగ్.

తోడొచ్చిన అక్క శ్యూయింగ్ వేణ్ణీళ్ల ఫ్లాస్కు దించింది. "ఒరే, నిజం చెప్పు. వస్తోందా, లేదా?"

తెంగ్ పైకప్పు కేసి చూశాడు. అక్కకి జవాబు దొరికిపోయింది.

డాక్టర్ ఫాంగ్ సూది వదలకుండానే మెల్లగా అంది: "పెద్దాయనా, వచ్చినప్పుడు గాలానికి చేప పడ్డట్టు సూది నా వేళ్లకి బిగుసుకోవాలి. మీ చేతిలో టోఫూలో గుచ్చిన పుల్లలా ఉంటోంది. మీరేమో వచ్చిందంటారు. నా వేళ్లకే స్పర్శ తెలియడం లేదేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

తెంగ్‌కి తన కత్తి గుర్తొచ్చింది. ఆనె చెక్కేటప్పుడు నొప్పి దాచుకున్నవాళ్లకే కత్తి లోతుగా దిగేది. అది తెలిసీ తను చేసిందేమిటి?

"రాలేదమ్మా," అన్నాడు. "ఒక్కసారీ రాలేదు. నీ వేళ్లు మంచివే. నాదే తప్పు."

గురువుగారు అప్పుడు కదిలాడు. "మణికట్టు నుంచి ఎంత కొలిచావు?"

"మూడు వేళ్లండీ."

"ఎవరి వేళ్లు?"

ఫాంగ్ తన సన్నటి వేళ్లు చూసుకుంది. తర్వాత కత్తి పట్టి పట్టి బండబారిన తెంగ్ వేళ్లు చూసింది. కొలవాల్సింది రోగి వేళ్లతో. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చదువుకునే రోజుల్లో నేనూ అలాగే కొలిచాను," అన్నాడు గురువుగారు, కిటికీ వైపు తిరిగి.

తెంగ్ తన మూడు వేళ్లు తెచ్చి రెండో మణికట్టు మీద ఆనించాడు. ఫాంగ్ అక్కడ గుర్తు పెట్టి, పాత చోటికి కాస్త పైన, రెండు నరాల నడుమ సూది దించి తిప్పింది. ఈసారి అడగలేదు.

"అమ్మోయ్!" అని అరిచాడు తెంగ్. "నడిమివేలు దాకా పాకింది!"

"అదీ మొహమంటే!" అంది చూ పిన్ని.

ఆ సాయంత్రం అరగిన్నె గంజి తాగి, గిన్నె ఒళ్లో పెట్టుకుని అది తిరిగొస్తుందేమోనని కూర్చున్నాడు. వికారం వచ్చింది, గుమ్మం దాకా వచ్చి ఆగింది. మంగళవారం, బుధవారం మళ్లీ సూదులు వేయించుకున్నాడు. బుధవారం రాత్రి ఆవిరిబన్ను ఒకటిన్నర తిన్నాడు. మిగిలిన సగానికి అక్క మూతపెట్టింది.

గురువారం ఆసుపత్రిలో నర్సు తూకం ముల్లు చూసి రాసుకుంది: యాభై కిలోల నాలుగు వందల గ్రాములు.

"చొక్కా చెయ్యి మడవండి," అంది.

కీమో సూదికి అంత సంతోషంగా చెయ్యి చాచినవాణ్ణి ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.