మాస్తే మాయనీ

"తెల్ల గౌను మీద మట్టి మరకంటే పిల్ల బట్ట మీద ఉన్నట్టు కాదమ్మా, తల్లి మొహాన ఉన్నట్టు" అన్నారు అత్తగారు, పాపకు నడకొచ్చిన కొత్తలో. నవ్వుతూనే అన్నారు. ఆవిడ గుచ్చే మాటలన్నీ నవ్వుతూనే అంటారు. అప్పటినుంచి కోడలు బాత్రూంలో ముక్కాలిపీట మీద కూర్చుని పాప బట్టల అంచులూ, మేజోళ్ళ మడమలూ చేత్తో రుద్దుతూనే ఉంది. "మెషినుండగా ఈ చాదస్తమేంటి?" అని భర్త అడుగుతాడు. మట్టి మరక మెషిన్‌కు లొంగదనీ, లొంగని ప్రతి పనీ తన నడుం మీదికే వస్తుందనీ అతనికి చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చింది. చివరికి అన్నిటికంటే తేలికైన దారి ఒకటి దొరికింది. పాపను మట్టిలోకి వెళ్ళనివ్వకపోవడం.

చిత్రమేమిటంటే, పిల్లలను మట్టిలో ఆడించడమే ఆమె ఉద్యోగం. చిన్నపిల్లల బడిలో టీచరు. పొద్దున్నే ఊళ్ళోవాళ్ళ పిల్లలను పెరట్లోకి వదిలి, వాళ్ళు ఇసుకలో సొరంగాలు తవ్వుతుంటే, చెట్టెక్కి దిగలేక కేకలు పెడుతుంటే, చీమల బారు వెంట మోకాళ్ళ మీద పాకుతుంటే చూసి మురిసిపోతుంది. దగ్గుతూ తుమ్ముతూ చేరిన పిల్లలు నెలలు తిరిగేసరికి ఎర్రగా, గట్టిగా తయారవడం కళ్ళారా చూసింది. తన కూతురు మాత్రం స్కూలు నుంచి రాగానే నాలుగో అంతస్తులో తలుపు గడియ వెనక, నాయనమ్మ ఫోను ముందు కూర్చుంటుంది.

ఈమధ్య పాప కాళ్ళు నొప్పులంటోంది. కళ్ళద్దాలూ వచ్చాయి. డాక్టరమ్మ పరీక్ష చేసి, "బయట ఆడుతుందా? ఎండ, పరుగు, దూరపు చూపు... ఎదిగే పిల్లలకివి కావాలండీ. నా చీటీతో మందుల షాపులో దొరికేవి కావు" అంది. పక్కనే ఉన్న భర్త పకపకా నవ్వాడు. "మా ఆవిడ టీచరేనండీ. ఈ విషయం ఊరందరికీ చెబుతుంది." ఆమె తలొంచుకుని పాప చెప్పు పట్టీ సరిచేసింది, అది సరిగానే ఉన్నా. దారిలో అతను, "రేపట్నుంచి సాయంత్రాలు కిందికి తీసుకెళ్ళు" అన్నాడు. తీసుకెళ్ళు అన్నాడే గానీ తీసుకెళ్దాం అనలేదు. ఆ వేళకు పొయ్యి మీద టీ ఎవరు పెడతారో, రాత్రి వంటకు కూరలెవరు తరుగుతారో ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. రేపు మరో రేపయింది.

ఆ శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఆరుబయట ఆటల గురించి మాట్లాడమని పెద్ద మేడమ్ ఆమెకే చెప్పింది. పాపకు సెలవు కావడంతో వెంట తెచ్చుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. మాట్లాడటంలో ఆమెకు మంచి పేరుంది. గతుకుల నేల మీద పరిగెత్తితేనే కాళ్ళకు నిలదొక్కుకోవడం వస్తుందని, పచ్చని చోట కాసేపు గడిపిన పిల్లల్లో చిరాకు తగ్గి నిద్ర బాగా పడుతుందని గలగలా చెప్పుకుపోయింది. చప్పట్లు కొట్టారు. అప్పుడు కుట్టుపని చేసే ఒక తల్లి మొహమాటంగా లేచింది.

"మీరు చెప్పింది నిజమే మేడమ్. కానీ నేను పని నుంచి వచ్చేసరికే నా ప్రాణం సగం పోయుంటుంది. వాణ్ణి ఎవరు తీసుకెళ్ళాలి, ఆ మట్టి బట్టలు ఎవరు ఉతకాలి? మీకూ ఉద్యోగముందిగా, మీ ఇంట్లో ఎలా కుదురుతోంది?"

ఆవిడ ఎత్తిపొడవలేదు, నిజంగానే దారి అడిగింది. నాకూ కుదరడంలేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె మాత్రం చిరునవ్వు తెచ్చుకుని, "మనసుంటే మార్గముంటుందండీ. మా పాప రోజూ ఆడుకుంటుంది" అంది.

ముందు వరసలోంచి పాప తలెత్తింది. అబద్ధం పట్టుకుందామని కాదు, పాపం తెలుసుకుందామనే అడిగింది. "ఎక్కడమ్మా?"

వెనకెవరో కిసుక్కుమన్నారు. పెద్ద మేడమ్ గబగబా టీ తెప్పించింది. కుట్టుపని ఆవిడ మాత్రం నవ్వలేదు, చూపు దించుకుని కూర్చుంది. తన పరువు కాపాడటానికి ఆవిడ కళ్ళు దించుకోవడం చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

సమావేశం అయ్యాక ఆమె బస్సు కోసం వెళ్ళలేదు. బడి వెనక చిన్న వాగు, దాని ఒడ్డున గడ్డి మైదానం ఉన్నాయి. పాపను అక్కడికి తీసుకెళ్ళి, "వెళ్ళు, ఆడుకో" అంది. పాప సిమెంటు బాట అంచునే నిలబడిపోయింది.

"గౌను మాస్తుందిగా."

"మాస్తే మాయనీ."

"వద్దులే. నాయనమ్మ నిన్నంటుంది. మళ్ళీ నువ్వు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తావు."

కుళాయి చప్పుడులో ఏదీ వినపడదనుకుంది ఆమె ఇన్నేళ్ళూ. పిల్లను తను కట్టేశాననే సిగ్గుతోనే చస్తోంది. తీరా చూస్తే పిల్ల తన కోసం తనను తాను కట్టేసుకుంది. ఆమె చెప్పులు విప్పి గడ్డిలోకి దిగి చెయ్యి చాచింది. పాప దిగింది. గచ్చు తప్ప నేలంటే ఎరగని కాళ్ళు ఎత్తుపల్లాల్లో తడబడ్డాయి. నాలుగడుగులు వేసేసరికి బోర్లా పడింది. లేచి మోకాలు చూసుకోలేదు, గౌను చూసుకుంది.

ఆమె పిల్లను వాటేసుకుంది. "దా, ఆ రాయి కింద ఏముందో చూద్దాం" అంది. రాయి కింద చిన్న పీత. అది నీళ్ళలోకి పరుగెత్తింది, దాని వెనక పాప. కాసేపటికి తల్లి చెయ్యే అక్కర్లేకపోయింది. వాగు వెంట అరుస్తూ, రొప్పుతూ, జారుతూ అటూ ఇటూ తిరిగింది. ఆ గొంతు అంత పెద్దదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫోను మోగింది. భర్త.

"ఎక్కడున్నారు? అమ్మ టీ కోసం చూస్తోంది."

బస్సు రాలేదనీ, మీటింగు అవలేదనీ రెండు అబద్ధాలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. పాప మోకాలిదాకా నీళ్ళలో ఆగిపోయి తల్లి నోటికేసే చూస్తోంది, ఏమంటుందా అని.

"ఆడుకుంటున్నాం" అంది.

"ఎవరూ?"

"నేనూ, పాపా. రేపూ వస్తాం, ఎల్లుండీ వస్తాం. టీ మీరు పెట్టండి."

ఇంత చిన్న మాటకు గొంతు వణికినందుకు ఆమెకు మళ్ళీ సిగ్గేసింది.