అయిదు పట్టీల కమాను

కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చుకున్న గుడ్డ టేపుతో ట్రైలర్ కింద వెల్లకిలా పడుకుని ఆమె చక్రం కుదుపుని కాచే కమాన్ కట్ట విరిగితే దాని కొలతలు తీసుకుంటోంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కుడి కంటితోనే అంకెలు చదివి, ఒక్కొక్కటీ రెండేసిసార్లు పైకి అనుకుని గుర్తుపెట్టుకుంటోంది. ఈ చివరి కన్నం నుంచి ఆ చివరి కన్నానికి ఇంత. పట్టీ వెడల్పు నాలుగు వేళ్ళకి రవ్వంత తక్కువ. మొత్తం అయిదు పట్టీలు. పైది పొడుగు, కిందికి పోయేకొద్దీ పొట్టి. అందులో మూడు నడిమికి ఫటేల్మని విరిగి, ఎండుపుల్లల్లా వేలాడుతున్నాయి.

"ఎంతొచ్చిందే?" పైనుంచి భర్త గొంతు.

"చూస్తున్నానండీ."

"ఒక్క కట్ట కొలవడానికి పొద్దంతా కావాలా? నిన్న నువ్వు తల తిప్పకుండా ఉంటే ఈపాటికి నేనే కొలుచుకునేవాణ్ణి."

ఆ మాట అతను వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నిన్న బండరాళ్ళ లోడుతో వస్తుంటే గుంతలో కుడివైపు కమాను విరిగింది. బండి నడుపుతున్నది ఆమె. తాగి నడిపినందుకు రెండేళ్ళ క్రితం అతని లైసెన్సు రద్దయింది. అప్పటినుంచీ బండీ ట్రైలరూ కాగితాల్లో ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆమె స్టీరింగు పట్టుకుంటుంది, అతను పక్క సీట్లో కూర్చుని తిడతాడు. రాళ్ళ అడితిలో కూలీలు ఆమెను "డ్రైవరమ్మా" అని పిలుస్తారు గానీ కిరాయి మాట్లాడేది మాత్రం "అన్న బండి" గురించే. నిన్న ఎలాగో కుంటుకుంటూ ఇల్లు చేరాక, వాకిట్లోనే మొదలుపెట్టాడు. మొదటి గుద్దు కంటికి తగిలింది. రెండోది వస్తుంటే ఆమె తల దానంతటదే పక్కకి తిరిగింది. పిడికిలి వెళ్ళి ట్రైలర్ ఇనుప తలుపుకి తగిలి, అరచేతిలో రెండు ఎముకలు విరిగాయి.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆమే. దారిపొడవునా చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "ఏం కాదండీ, వచ్చేశాం" అంటూ సముదాయించింది. ఎక్స్‌రే తీయించి, కట్టు కట్టించి, మందులు కొని, తిరిగి వచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. "మొగుడు చెయ్యెత్తితే తల వంచుకునే ఆడవాళ్ళని చూశాను. తల తిప్పుకునే ఆడదాన్ని నిన్నే చూశానమ్మా! బంగారంలాంటి చెయ్యి, చూడు ఎలా అయిందో" అంది. ఆమె కన్ను సంగతి ఎవరూ అడగలేదు. ఆమె కూడా మర్చిపోయింది, రాత్రి వంట చేస్తుంటే పోపు పొగకి ఆ కంట్లోంచి నీళ్ళు రాక, ఒక్క కుడి కంట్లోంచే వచ్చినప్పుడు గుర్తొచ్చింది. వండి, కలిపి, ముద్దలు చేసి అతని నోట్లో పెట్టింది. చొక్కా గుండీలు విప్పింది. కట్టు తడవకుండా స్నానం చేయించింది. ఏ చెయ్యి తన మొహం మీదికి లేచిందో ఆ చేతి వేళ్ళ సందుల్లో తడి గుడ్డతో తుడుస్తుంటే, "మెల్లిగా, నొప్పి!" అని కసిరాడు. మెల్లిగా తుడిచింది.

కొలతలు చెప్పించుకున్నాక అతను హుకుం జారీ చేశాడు. "ఎనిమిది పట్టీలది తీసుకురా. ఇంకో రెండు వరసలు రాయి ఎక్కించుకోవచ్చు. కుడివైపుకి ఒక్కటి చాలు. ఎడమదానికేం రోగం?"

కమాన్ల కొట్టు లారీ షెడ్ల వరసలో చివరిది. గోడ పొడవునా చిన్నాపెద్దా కమాన్ కట్టలు ఆనించి ఉన్నాయి. కొట్టాయన చిట్టా మీంచి తల ఎత్తకుండానే, "మీవారిని పంపమ్మా. ఇదేం గుడ్డలు ఎంచుకోవడం కాదు" అన్నాడు.

"ఆయన చెయ్యి విరిగింది."

"పోనీ కొలతలు రాసిచ్చాడా?"

"కొలిచింది నేనే." ఆమె అన్నీ గడగడా అప్పజెప్పింది. చివర్లో, "మధ్య బోల్టు సరిగ్గా నడిమధ్యలో ఉండదండీ మాదానికి. ముందుకి అంగుళం జరిగి ఉంటుంది. సమంగా ఉన్నదిస్తే చక్రం వెనక్కి పోయి రేకుకి రాసుకుంటుంది" అంది.

ఆయన తల ఎత్తాడు. ఆమె కన్ను చూశాడు. చూసి, చటుక్కున గోడవైపు తిరిగి, "ఎన్ని పట్టీలది?" అన్నాడు.

"ఎనిమిది తెమ్మన్నారు."

"ఇరుసు మార్చారా?"

"లేదు. పాతదే."

"మరి ఎనిమిది పట్టీలు దేనికి తల్లీ? కమాను వంగకపోతే ఇరుసు వంగుతుంది. గుంత దెబ్బ ఎక్కడో ఒకచోట తగలాలి కదా."

"నాకూ అదే అనిపించింది. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది వేసినా బండి ఒరుగుతుంది, అవునా?"

"ఒరగడమేంటి, మలుపులో పల్టీ కొడుతుంది. నడిపేవాడి పని సరి."

నడిపేది తనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టిందేమో కూడా, ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కాసేపు ఆ ఇనుము వరసల ముందు నిలబడిపోయింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఇంట్లో గరిటె దగ్గర్నుంచి గోడ రంగు దాకా తనని అడిగి తెచ్చింది ఒక్కటీ లేదు. చీర కూడా అత్త తెచ్చేది, "నీ రంగుకి ఇదే ఎక్కువ" అంటూ. ఇప్పుడు ఇక్కడ, నూనె కంపులో, నల్లటి ఇనుప పట్టీల మధ్య, ఏది కావాలో తనకి తెలుసు. ఎందుకు కావాలో కూడా తెలుసు. ఆ తెలియడంలో ఎంత సుఖం ఉందో!

కొట్టాయన ముందు పాత కట్టలు రెండు తీసి చూపించాడు. కొలిమిలో కాల్చి మళ్ళీ వంపు తిప్పినవి, చవకన్నాడు. ఆమె వంగి ఒక్కో పట్టీ మీద గోరుతో గీసుకుంటూ వెళ్ళింది. ఒకచోట గోరు ఆగింది. "ఇక్కడ వెల్డింగు చేసి పైన నున్నగా నూరారు. కమానుకి వెల్డింగు పెడితే పక్కనే విరుగుతుంది."

ఆయన పకపకా నవ్వాడు. "ఒంటికంటితోనే ఇంత పట్టేశావు, రెండూ తెరిచి వస్తే నా కొట్టు మూయించేదానివి!"

నవ్విన తర్వాత నాలిక కరుచుకున్నాడు. కానీ ఆమె కూడా నవ్వింది. నవ్వితే వాచిన చెంప నొప్పెట్టింది. అయినా నవ్వింది.

అయిదు పట్టీలవి, కొత్తవి, జత తీయించుకుంది. కమానుని ఇరుసుకి బిగించే కట్టు బోల్టులు కూడా కొత్తవే అడిగింది. ఆమె బండిలో ఎక్కించుకుంటుండగా కొట్టాయన ఫోను తీసి పాత పరిచయం కొద్దీ ఆమె భర్తతో హుషారుగా మాట్లాడాడు. "ఏమన్నా, ఇంట్లో ఇంత మంచి మెకానిక్కుని పెట్టుకుని నువ్వెందుకు పెత్తనం చేస్తున్నావయ్యా? నీకంటే పది రెట్లు నయం మీ ఆవిడ!"

మంచికే అన్నాడాయన. ఇంటికెళ్ళాక ఆ మాటకి ఏమవుతుందో ఆమెకి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి అతను వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్త తాడు మీద బట్టలు ఆరేస్తోంది. ఆమె కట్టలు దించడం మొదలుపెట్టింది. రెండోది దించి వెనక్కి తిరగ్గానే పానా వచ్చి భుజం మీద తగిలింది. ఎడమ చేత్తో విసిరాడు కాబట్టి తలకి తగల్లేదు.

"ఎనిమిదివి తెమ్మంటే అయిదువి తెస్తావా? ఒకటి తెమ్మంటే రెండు తెస్తావా? పైగా కొట్టువాడితో నన్ను తిట్టిస్తావా?"

"నేనేం చెప్పలేదండీ ఆయనకి."

"బిగించు ముందు. తర్వాత నీ సంగతి చెబుతా."

అత్త గుడ్డ పిండుతూ, "నోరు మెదపకుండా పని చేసుకోరాదూ అమ్మాయ్, వాడికసలే నొప్పిగా ఉంది" అంది.

ఆమె కిందపడ్డ పానా తీసుకుని ట్రైలర్ కింద దూరింది. ఎడమవైపు ముగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అంతసేపూ అతను తిడుతూనే ఉన్నాడు. ఆమె పుట్టినింటిని తిట్టాడు, చదువుని తిట్టాడు, పిల్లలు పుట్టనందుకు తిట్టాడు. ఎవరితో పడుకుని నేర్చుకున్నావే ఈ ఇనుము పని అని అడిగాడు. ఆ పని నేర్పింది అతనే. పెళ్ళయిన కొత్తలో తమాషాగా నేర్పేవాడు. ఒకరోజు ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కింద ఆమె దూరితే కాళ్ళు పట్టుకుని బయటికి లాగి, వణికిపోయాడు. "పిచ్చిదానా, జాకీ ఎత్తడానికే గానీ మొయ్యడానికి కాదు. దుంగలు పెట్టకుండా ఎప్పుడూ దూరకు. నలిగి చస్తావు" అన్నాడు. ఆ మనిషి ఏమయ్యాడా అని ఆమె అప్పుడప్పుడు వెతుక్కునేది. ఒక్కోసారి దొరికేవాడు కూడా, ఏ పది నిమిషాలో. ఆ పది నిమిషాల కోసమే ఉండిపోయింది.

కుడి చక్రం ఊడదీసి, జాకీ ఎత్తి, లోపలివైపు ట్రైలర్ అడుగు బరువు మోసే చాసిస్ కమ్మీ కింద రెండు దుంగలు పేర్చింది. కమ్మీకీ దుంగకీ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలింది. కొత్త కట్టని ఇరుసు మీద కూర్చోబెట్టి, బోల్టులు తొడిగింది. నాలుగు నట్లు బిగిస్తే అయిపోతుంది.

"ఏమే, చెవుడా? ఎనిమిదివి ఎందుకు తేలేదని అడుగుతున్నా."

కిందనుంచి అతని బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మొహం కనిపించకపోవడం వల్లేనేమో, ఆమెకి మాట సులువుగా వచ్చింది.

"తెస్తే ఇరుసు విరుగుతుంది. నిన్న కమాను విరిగింది కూడా మీరు ఎక్కించిన బరువుకే. నా డ్రైవింగుకి కాదు."

తడి గుడ్డ దులిపే చప్పుడు ఆగింది. బూట్లు దగ్గరికొచ్చాయి. జాకీ పక్కన ఆగాయి. ఎడమ బూటు ఒక అడుగు వెనక్కి వెళ్ళింది. కుడి బూటు లేచింది.

జాకీ ఎగిరిపోయింది. ట్రైలర్ మొత్తం ఒక్కసారిగా దిగి దుంగల మీద పడింది. నేల అదిరింది. తుప్పూ మన్నూ రాలి ఆమె నోరూ ముక్కూ కప్పేశాయి. కమ్మీ మొహానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఊపిరి అందలేదు. పానా పట్టుకున్న చెయ్యి పొట్ట మీద అలాగే ఉండిపోయింది.

ధూళిలోంచి నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి. రెండు బూట్లు, రెండు చెప్పులు. కదలడం లేదు. ఇప్పుడు వంగుతారు, ఇప్పుడు పిలుస్తారు అని ఆమె ఎదురుచూసింది.

"అమ్మా..." అన్నాడతను.

"అరవకు." అత్త గొంతు. ఎనిమిదేళ్ళలో ఆ గొంతు అంత మెత్తగా వినలేదామె. "ముందు ఆ గేటు వేసిరా."

బూట్లు పరిగెత్తాయి. గేటు గడియ పడింది. బూట్లు తిరిగొచ్చాయి.

"జాకీ జారింది. ఎవరడిగినా అదే చెప్పు. నువ్వు చెయ్యి నొప్పికి లోపల పడుకున్నావు. నేను బట్టలు ఆరేస్తున్నాను. జాకీ జారింది. వింటున్నావా?"

"ఊఁ."

"ఏదీ, చెప్పు."

"జాకీ జారింది."

వాళ్ళిద్దరిలో ఒక్కరు కూడా వంగి చూడలేదు. బతికుందా అని అడగలేదు. ఇన్నాళ్ళూ ప్రతి దెబ్బకీ ఆమె ఒకే పేరు పెట్టుకుంది, కోపం అని. కోపంలో కొట్టాడు, కోపం పోతే మనిషి మంచివాడే. కానీ కోపమొచ్చినవాడికి గేటు గుర్తుండదు. జాకీ జారితే బండి కింద మనిషి ఏమవుతుందో ఆమెకి చెప్పినవాడే అతను. దుంగలు పెట్టిందో లేదో చూడకుండానే తన్నాడు.

ఆమె నోట్లో మన్ను పక్కకి ఉమ్మి, పానా ఎత్తి నట్టుకి తగిలించి, తిప్పింది.

టక్. టక్. టక్.

పైన ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. ఎవరన్నది ఆమె పట్టించుకోలేదు. నట్లు ఎదురెదురుగా బిగించింది. ఒకటి ఇటు, ఒకటి అటు, మళ్ళీ ఇటు. సగం బిగించిన కమానుతో రోడ్డెక్కితే చచ్చేది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కావచ్చు. నాలుగూ బిగించాక పాకుతూ బయటికొచ్చింది. దూరంగా పడ్డ జాకీ తెచ్చి, మళ్ళీ ఎత్తి, చక్రం ఎక్కించి, దుంగలు లాగేసి, దించింది. దాదాపు అరగంట పట్టింది. ఆ అరగంటా తల్లీకొడుకులు గోడకి అంటుకుపోయి చూస్తూ నిలబడ్డారు.

"నిజంగా కాలు జారిందే," అన్నాడతను. "ఒట్టు. భయపడిపోయాం తెలుసా?"

ఆమె ట్రైలర్‌ని బండికి తగిలించి పిన్ను దింపింది. లోపలికెళ్ళి లైసెన్సు, బండి కాగితాలు తెచ్చుకుంది. అతను తలుపుకి అడ్డం నిలబడి ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆమె తల తిప్పలేదు. పానా ఇంకా చేతిలోనే ఉంది. ఉన్న ఒక్క కంటితో అతన్ని సూటిగా చూసింది. ఎత్తిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, ఏం చెయ్యాలో తెలియనట్టు, వెళ్ళి మెడ గోక్కుంది. అతను పక్కకి తప్పుకున్నాడు.

గేటు గడియ ఆమే తీసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచి, వచ్చి బండి ఎక్కి, తాళం తిప్పింది. అత్త తడి చేతులతోనే పరుగున వచ్చి కిటికీ పట్టుకుంది.

"ఎక్కడికే ఈ ఎండలో? మనలో మనం మాట్లాడుకుందాం దిగు. ఎవరికి ఏం చెప్పడానికి పోతున్నావ్?"

ఆమె గేరు వేసింది.

"జాకీ జారలేదని."