పాత తూకం

పిండిముద్ద తుంచి కాటాలో వేశాడు. ముల్లు గీత దాటిపోయింది. ఓ చిటికెడు గిల్లి తీశాడు. ఇంకోటి తుంచాడు. మళ్లీ దాటింది. గిల్లిన పిండి పక్కన అప్పుడే కుప్పయింది.

బేకరీలో బన్నులకు ముద్దలు తుంచడమే ఆయన పని. మీసం రాకముందు మొదలుపెట్టాడు. ఇప్పుడు కనుబొమలు కూడా నెరిశాయి. పెద్ద యజమాని ఉన్నంతకాలం ఆ బల్ల మీద కాటా లేదు. ఆ చెయ్యే కాటా. ఈమధ్య పన్ను పెరిగింది, పిండి బస్తా పెరిగింది, గ్యాసు పెరిగింది. బన్ను ధర పెంచితే కొనేవాళ్లుండరని చిన్న యజమాని బన్నునే తగ్గించాడు. ఆ మాట చెవికెక్కింది గానీ చేతికెక్కలేదు.

పొద్దున చెప్పులు తొడుక్కుంటుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళైనా చూసుకుని తుంచయ్యా. ముద్దలు తుంచే మిషను బేరమాడి వచ్చాడంట మీ చిన్న యజమాని. పని పోతే ఇంటద్దె ఎవరు కడతారు, నీ చెయ్యా?"

ఇప్పుడు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే బావ బన్నుల రేకుల వైపు చూసి నవ్వాడు. "నీ చెయ్యి ఇంకా పాత ప్రభుత్వంలోనే ఉంది బావా!"

"ఏం చెయ్యమంటావు, నరుక్కోనా?"

"ఎందుకూ, కట్టిపడెయ్."

ఎగతాళికి అన్న మాటే. ఆయన మాత్రం పిండిసంచి అంచు చింపి అరచేతికీ వేళ్లకీ బిగించి కట్టుకున్నాడు. పిడికిలి సగమే విచ్చుకుంది. తుంచాడు. ముల్లు గీత మీద ఆగింది. తర్వాతి ముద్దకీ ఆగింది.

చిన్న యజమాని వచ్చి చూశాడు. "రోజూ ఇలా తుంచితే ఆ మిషను నాకెందుకు బాబాయ్!" అని భుజం తట్టి వెళ్లాడు.

అయినా ఆయనకు కుదురు లేదు. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. రెండుసార్లు మంచినీళ్లకని వెళ్లి తాగకుండానే వచ్చాడు.

మధ్యాహ్నం దాటాక కౌంటరు వైపు నుంచి ఒకావిడ గొంతు వినబడింది. "రోజూ ఒకటి కొని ఇద్దరికీ చెరిసగం చేస్తా. ఈమధ్య ఆ సగానికి కొట్టుకు చస్తున్నారు. పిల్లలు పెరిగారో, బన్నే అరిగిందో!"

అందరూ నవ్వారు. చిన్న యజమాని కూడా నవ్వాడు.

గుడ్డ కింద చెయ్యి దురద పుట్టింది. గోక్కుందామని విప్పాడు. సాయంత్రపు పిండి పొంగి తొట్టి అంచు దాటుతోంది. ఆగే పని కాదు. ఒట్టి చెయ్యి పెట్టాడు. గుడ్డ బల్ల మీద కనబడుతూనే ఉంది. కాటా వైపు మాత్రం చూడలేదు.

బావ రేకు బయటికి లాగాడు. బన్నులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉబ్బి ఉన్నాయి. చిన్న యజమాని ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"గుడ్డ ఊడిపోయిందా బాబాయ్?"

అవునంటే సరిపోయేది.

"నేనే విప్పాను బాబూ."

"అయితే రేపు మిషను తెప్పిస్తాను."

"తెప్పించు. నూనె రాయమను, లేకపోతే పిండి అంటుకుంటుంది."

చేతులు కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. ఇంటి గుమ్మంలో నిలబడే మనిషి గుర్తొచ్చి అడుగు తడబడింది. ఆగలేదు.

మర్నాడు మిషను కోసం బల్ల జరుపుతుంటే గుడ్డ బావ చేతికొచ్చింది. పిండి ఎండి, సగం మూసిన పిడికిలిలా బిగుసుకుపోయి ఉంది.