ముగ్గురు పోసిన ఆయిలు

మా వాకిట్లో కారు కింద నల్లటి మరక కనపడిన పొద్దునే నా మీద తీర్పు కూడా వెలువడింది. మా మామగారు సిమెంటు గోడౌనులో లెక్కలు రాసి రిటైరయిన మనిషే గానీ, ఇంట్లో మాత్రం ఆయనే హైకోర్టు. సాక్షుల్ని పిలవరు, వాదనలు వినరు. మెట్ల మీద నిలబడి, చేతికర్రతో మరకను చూపించి, ఆడవాళ్ళ చేతికి బండి ఇస్తే ఇట్లాగే తగలబడుతుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అప్పీలుకు తావు లేదు.

ఆ కారు నడిపేది నేనే, నిజమే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ళకూ, తుంటి ఎముక విరిగి కదల్లేనివాళ్ళకూ వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వ్యాయామాలు చేయించి నడిపించడం నా వృత్తి. మడత వాకరు, ఇసుక బరువులు, కరెంటు పెట్టే పెట్టె, చుట్ట చుట్టిన పరుపు, ఇవన్నీ స్కూటరు మీద వేసుకుని తిరగాలంటే నేను సర్కసులో చేరాలి. బండి లేకపోతే నాకు పని లేదు. దాన్ని కొన్నది నా సంపాదనతో. కాగితాలు మాత్రం మా ఆయన పేరున ఉన్నాయి. ఇంట్లో నీదేమిటి, నాదేమిటి అని కొన్న రోజున అందరూ కలిసి అన్నారు. ఆ మాట ఎప్పుడు చూసినా ఒక వైపుకే పనిచేస్తుందెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటిదాకా వారం వారం బానెట్ ఎత్తి ఆయిలూ నీళ్ళూ చూసుకునేదాన్ని నేనే. మరక పడ్డ రోజుతో అదీ పోయింది.

"నువ్వింక బానెట్ ముట్టుకోకమ్మాయ్. మేం చూసుకుంటాం," అన్నారు మామగారు.

మా ఆయనా, మా మరిదీ పక్కన నిలబడి తలలూపారు. మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. మా మరిదికి తెలియని విషయం లోకంలో లేదు కాబట్టి కన్నతల్లి కూడా వాణ్ణి సర్వజ్ఞుడనే పిలుస్తుంది. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా అంతకుముందు బానెట్ మీట ఎక్కడుందో చూసిన పాపాన పోలేదు.

వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాక మరక పెరిగింది. పళ్ళెమంత ఉన్నది చేటంత అయింది. దాంతోపాటే నా డ్రైవింగు గురించిన కథలూ పెరిగాయి. గుంటల్లో దూకిస్తానన్నారు, క్లచ్ మీద కాలు తియ్యనన్నారు. ఆయిలు కారడానికీ క్లచ్‌కీ సంబంధమేమిటని అడిగితే, అదే కదా వదినా నీకు తెలియనిది అని మరిది జాలిపడ్డాడు. వాడి కోపం భరించగలను గానీ వాడి జాలి భరించడం కష్టం.

చివరికి మా ఆయన ఒక మెకానిక్‌ని పిలుచుకొచ్చారు. అతను కారు కింద అట్ట పరుచుకుని పడుకుని, పైకి చూసి, ఇంజన్ దించాలి, పాత బండికి అంత ఖర్చు దండగ అని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రమే తీర్మానం అయిపోయింది. ఆదివారం మరిది స్నేహితుడు, పాతబండ్ల వ్యాపారి, వచ్చి బేరం చేసి కారు తీసుకుపోతాడు. దగ్గర్లో ఉన్న ఇళ్ళకు మా ఆయన నన్ను స్కూటరు మీద దింపుతారు. దూరపు ఇళ్ళు నేను మానేస్తాను. ఈ మాటలన్నీ నేను అదే గదిలో బట్టలు మడత పెడుతుండగానే జరిగాయి. ఒక్కరూ గొంతు తగ్గించలేదు. గోడను ఎవరూ సలహా అడగరు కదా, నన్నూ అడగలేదు.

మానేస్తానట. దూరపు ఇళ్ళలో ఒక వడ్రంగి ఉన్నాడు. కుడిచెయ్యి పడిపోయింది. ఈమధ్యనే బొటనవేలు కదిలించి, కదిలిందని నమ్మలేక ఏడ్చాడు. అతని దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పాలి? మా వాకిట్లో మరక పడింది, నీ చెయ్యి అక్కడితో ఆపెయ్యి అనా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతో మడతపెట్టిన బట్టలు ఎలా ఉంటాయో ఆ వారమంతా మా ఇంటి మగవాళ్ళు తొడుక్కుని తిరిగారు.

శనివారం సెలవు పెట్టి, జుట్టు గట్టిగా ముడి వేసుకుని, బానెట్ ఎత్తాను. మా వృత్తిలో మొదటే నేర్పుతారు, నొప్పి ఉన్నచోటే జబ్బు ఉందనుకోకూడదని. మోకాలు నొప్పి అని వచ్చినవాడికి నడుములో నరం నలిగి ఉండవచ్చు. ఇంజన్‌కైనా అంతే కదా అనుకున్నాను. ఆయిలు చుక్క కింద పడుతోందంటే కిందే కారుతోందని కాదు. ఎక్కడో పైన మొదలై, జారుతూ జారుతూ కిందికి వచ్చి ఉండవచ్చు. మెకానిక్ కింద పడుకుని చూశాడు కాబట్టి నేను పైనుంచి మొదలుపెట్టాను.

ముందు డిప్‌స్టిక్ లాగాను. ఇంజన్ లోపల ఆయిలు ఎంత ఉందో చెప్పే సన్నటి కడ్డీ అది. కొసన రెండు గుర్తులుంటాయి, ఆయిలు ఆ రెండింటి మధ్యన ఉండాలి. ఇంతకాలంగా కారుతున్న బండి కాబట్టి కడ్డీ పొడిగా వస్తుందనుకున్నాను. ఆయిలు పై గుర్తును దాటి ఇంకా చాలా పైకి అంటి ఉంది. నమ్మలేక తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. కారే కుండలో నీళ్ళు పెరగడం నేనెక్కడా చూడలేదు.

ఆ కడ్డీ పట్టుకునే లోపలికి వెళ్ళాను. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని పేపరు పంచుకుంటున్నారు. ఈ ఇంజన్‌లో ఆయిలు ఎవరు పోశారని అడిగాను.

"నేనే పోస్తున్నాను," అన్నారు మామగారు, కళ్ళజోడు సర్దుకుంటూ. "లేకపోతే నీ ఇంజన్ ఎప్పుడో పట్టేసేది."

మా ఆయన పేపరు దించారు. "మీరు పోస్తున్నారా నాన్నా? పోస్తున్నది నేను కదా."

మరిది నవ్వడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. వాడూ పోస్తున్నాడు.

అప్పుడు డబ్బాలు బయటికొచ్చాయి. మామగారిది చెప్పుల స్టాండు వెనక నుంచి, మా ఆయనది స్కూటరు డిక్కీలోంచి, సర్వజ్ఞుడిది మెట్ల కింద నుంచి. మిగతా ఇద్దరికీ ఏమీ పట్టదనీ, ఇంటి భారమంతా తన ఒక్కడి మీదే ఉందనీ ఎవరికి వారు అనుకుని, ఎవరూ లేనప్పుడు మూత తీసి పోస్తూ వచ్చారు. ఏ లెక్కన పోశారని అడిగాను. మా లెక్కల మాస్టారు సుమారుగా అన్నారు. మరిది ఇంజన్ చప్పుడును బట్టి అన్నాడు. మామగారి పద్ధతి ఇంకా గొప్పది. కింద మరక ఎంత ఉంటే అంత పోసేవారట. పోయింది పోసేస్తే సరిపోతుంది కదా అని నన్నే అడిగారు. పాత మరక చెరిగిపోదనీ, దాన్నే మళ్ళీ మళ్ళీ కొలుస్తున్నామనీ ఆయనకు తట్టలేదు. ఒక్కరు కూడా ఈ కడ్డీ లాగి చూడలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో తలా ఒక డబ్బా.

మొదట ఎక్కడో చిన్న చెమ్మగా మొదలై ఉంటుంది. వీళ్ళు పోసిన కొద్దీ లోపల ఒత్తిడి పెరిగి, ఆయిలు సందు చూసుకుని బయటికి తన్నుకొచ్చింది. అది కారిన కొద్దీ వీళ్ళు పోశారు, వీళ్ళు పోసిన కొద్దీ అది కారింది. మధ్యలో మాటలు పడింది నేను.

ఇంత తెలిశాక ఒక్కరైనా పొరపాటు మాదేనంటారని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎంత పిచ్చిదాన్ని. అసలు కారకపోతే మేమెందుకు పోస్తామన్నారు మామగారు. ఎలాగూ రేపు ఆ అబ్బాయి వస్తున్నాడు, ఇంక ఈ గొడవెందుకన్నారు. పేపరు మళ్ళీ పైకి లేచింది.

నోటితో చెబితే వినే ఇల్లు కాదిది. మింగలేని రోగులకు గొట్టం గుండా ఆహారం ఎక్కించే పెద్ద సిరంజి కొత్తది ఒకటి నా సంచిలో ఉంది. దానికి సన్నటి గొట్టం తగిలించి, డిప్‌స్టిక్ దూరే కన్నంలోకి దించి, ఎక్కువైన ఆయిలు లాగడం మొదలుపెట్టాను. లాగడం, సీసాలో పొయ్యడం, మళ్ళీ కడ్డీ చూడడం. ఆయిలు చిక్కగా ఉండి వేళ్ళు పీకేశాయి. ముగ్గురి బాధ్యతా సీసాల్లోకి దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

తర్వాత కిరోసిన్ గుడ్డతో, పాత పళ్ళ బ్రష్‌తో ఇంజన్ అంతా కడిగి తుడిచాను. అది బాగా ఆరాక, ముఖానికి రాసుకునే పౌడరు పైనుంచి కింద దాకా చల్లాను. కిటికీలోంచి చూసిన మా అత్తగారు, కోడలు కారుకు పౌడరు రాస్తోందని లోపలికి వార్త పంపారు. ఎవరో నవ్వారు. నేను ఇంజన్ స్టార్ట్ చేసి, టార్చి పట్టుకుని, తిరిగే బెల్టుకు దూరంగా నిలబడి చూస్తూ ఉన్నాను. కాసేపటికి తెల్లటి పౌడరు మీద సన్నటి నల్లగీత ఒకటి దిగింది. ఇంజన్ పైమూత వెనక మూల దగ్గర మొదలై, వెనక పక్కగా జారి, అడుగున చుక్క కట్టింది. ఇంజన్ దించాల్సినంత జబ్బు ఇదీ.

బండి చల్లారాక పానాతో బోల్టులు విప్పి మూత లేపాను. మూతకూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు పట్టీ, గ్యాస్కెట్, మెత్తగా వంగాల్సింది ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది. ఆ ముక్క తీసుకుని స్పేర్ పార్టుల కొట్టుకు నడిచి వెళ్ళాను. కొట్టతను నన్నూ, నా వెనక ఖాళీ గుమ్మాన్నీ చూసి, సారుతో ఫోను చేయించండి, ఏది కావాలో ఆయన్ని అడుగుతానన్నాడు. ఆ సారు ఈ ముక్కను చూస్తే పాత చెప్పు పట్టీ అనుకుంటాడని చెప్పి, దాన్ని బల్ల మీద పెట్టాను. సరిగ్గా అలాంటిదే తెచ్చి ఇచ్చాడు.

అంచులు గీకి, పొడిగా తుడిచి, కొత్త పట్టీ కూర్చోబెట్టి, మూలల్లో అంటు జిగురు కొద్దిగా పెట్టి, మూత దించాను. బోల్టులు మధ్య నుంచి బయటికి, ఈ పక్కొకటి ఆ పక్కొకటి, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోయాను. బలం చూపిస్తే బోల్టు తెగుతుంది, లేదంటే పట్టీ నలిగి మళ్ళీ కారుతుంది. విరిగి అతికిన మోచేతిని ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేతులు నావి. వాటికి ఈ పని కొత్తగా అనిపించలేదు. వీధులన్నీ ఒక చుట్టు తిరిగొచ్చి, కింద కొత్త అట్ట పరిచి బండి ఆపాను. ఆదివారం పొద్దున అట్ట మీద చుక్క లేదు.

వ్యాపారి వచ్చాడు. బానెట్ తెరిచి చూశాడు, కిందికి వంగి చూశాడు, కారుతోందన్నారు కదా ఎక్కడ అని అడిగాడు. మామగారు కర్ర మీద ఆనుకుని ఆ అట్టను చాలాసేపు చూశారు. ఇంక అమ్మే పనేముంది, పొమ్మంటారులే అనుకుంటూ నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను.

"మా పెద్దాడు నిన్న బాగుచేశాడు. ఇంక చుక్క కారదు. దానికి తగ్గట్టే చెప్పు బేరం," అన్నారాయన.

కారుతోందని అమ్మాలన్నారు. ఇప్పుడు కారడం లేదు కాబట్టి ఇంకా మంచి ధరకు అమ్మాలంటున్నారు. అంటే ఈ అమ్మకానికీ ఆ మరకకూ సంబంధమే లేదు. నేను తాళం తీసుకుని, ఎవర్నీ అడక్కుండా, నా పని ఉన్నచోటికి వెళ్ళి వస్తున్నాను. వాళ్ళకు మొదటి నుంచీ కంట్లో నలుసు అదే. మరక ఒక వంక దొరికింది, అంతే. పైగా సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, పని నాది, పేరు మా ఆయనది. ఆయన ఏమన్నారంటారా? మెచ్చుకున్నవాళ్ళను చూసి నవ్వినట్టు చిన్నగా నవ్వారు.

మామగారి మాటకన్నా ఆ నవ్వుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. దిగి వెళ్ళి మా ఆయన పక్కన నిలబడ్డాను. ఎంత తోమినా నా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు, వేళ్ళ మీద గీరుకుపోయిన చోట్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రెండు చేతులూ వ్యాపారి ముందు చాపాను.

"మీ చేతులు కూడా చూపించండి," అన్నాను మా ఆయనతో.

ఆయన చూపించలేదు. జేబుల్లో పెట్టుకున్నారు. నవ్వు మాత్రం ఆగిపోయింది. వ్యాపారి నా చేతులు చూశాడు, ఆయన జేబులు చూశాడు, బండి ఎవరి పేరున ఉందని అడిగాడు. మావాడి పేరునే అన్నారు మామగారు, వెంటనే. అయితే మీరు చెప్పండి అని వ్యాపారి మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన తండ్రిని చూశారు, నేలను చూశారు.

"ఆవిడనే అడగండి," అన్నారు చివరికి.

"అమ్ముతారామ్మా?" అన్నాడు వ్యాపారి.

ఆ బండి గురించి నన్నొకరు అడగడం అదే మొదటిసారి. అడిగినవాడు పరాయివాడు.

"అమ్మను," అన్నాను. "రేపు దాన్ని నా పేరుకు మార్పిస్తున్నాను. ఈయనే వచ్చి సంతకం పెడతారు."

మా ఆయన కాదనలేదు. వ్యాపారి నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మామగారు కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అక్కడితో అయిపోయి ఉంటే నా కోపం కూడా చల్లారేదేమో. మధ్యాహ్నం మా అత్తగారు పెద్దకూతురికి ఫోను చేశారు. కొడుకు ఎంత మంచివాడో చెబుతున్నారు. తన పేరున ఉన్న బండినైనా పెళ్ళాన్ని అడక్కుండా అమ్మడట. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడట. నేను పెట్టిపుట్టానట. అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను ఒకసారి ఇటివ్వండత్తయ్యా అని చెయ్యి చాపాను. నా మొహం చూసి ఆవిడ ఇచ్చేశారు.

"వదినా, ఇంజన్ బాగుచేసింది నేను. అమ్మనన్నదీ నేను. మీ తమ్ముడు చేసిందల్లా ఒక్క మాట అనడం. అదీ తప్పించుకోలేక."

తమ్ముణ్ణి అన్నందుకు విరుచుకుపడుతుందని నేనూ సిద్ధంగానే ఉన్నాను. వదిన మాత్రం గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. వాళ్ళ బండి కింద కూడా ఎప్పటినుంచో మరక పడుతోందట.

"మీ అన్నయ్యగారు నన్ను బానెట్ దగ్గరికి రానివ్వరు," అంది. "మొదట ఎక్కడ చూడాలి?"

అత్తగారు నా ఎదుటే నిలబడి ఫోను కోసం చూస్తున్నారు. నేను ఇవ్వలేదు.

"ఇంజన్ చల్లగా ఉందా?" అని అడిగాను. "అయితే ఫోను చేతిలో పెట్టుకునే వాకిట్లోకి వెళ్ళండి వదినా."