గడప ముందు గుడ్డు

నేను ఒక సొరబుర్రను. పూర్తి బుర్రను కూడా కాదు, నిలువునా కోసిన సగం చిప్పను. మిర్యాలగూడలో ఝాన్సీ వాళ్లింట్లో బియ్యం డబ్బా మీద బోర్లా పడుకుని ఉంటాను. ఝాన్సీకి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, తన బిడ్డను ఎవరో ఎత్తుకుపోతారని. ఆ భయం వల్లే నేనీ ఊరు చేరాను.

పుట్టింది ఉగాండా దేశంలో, గులు పట్నానికి అవతల, అచోలీ తెగవాళ్ల కంచె మీద. లామ్వాకా అనే పిల్ల తల్లి నన్ను ఎండబెట్టి, కోసి, గింజలు గీకి వాయిద్యం చేసింది. సైకిల్ ఊచలు నాలుగు కట్టగట్టి నా వీపు మీద కొడితే చాలు, పెళ్లీడు పిల్లలు వరసలు కట్టి ఆడేవాళ్లు. తర్వాత యుద్ధం వచ్చింది. ఊళ్లకు ఊళ్లు శిబిరాలకు పోయాయి. అక్కడ నాతో పిండి కొలుచుకున్నారు. మనుషులకు ఏ వస్తువుతో ఎప్పుడు ఏం పని పడుతుందో వాళ్లకే తెలియదు. కట్టెలకు పోయిన లామ్వాకాను పదకొండో ఏట తుపాకులవాళ్లు ఎత్తుకుపోయారు. ఎనిమిదేళ్లకు తప్పించుకుని వచ్చేసరికి తల్లి లేదు. ఎదురొచ్చినవాళ్లూ లేరు. నేను మాత్రం ఉన్నాను, పక్క గుడిసె వాళ్ల పిండిలో.

చాలా ఏళ్లకు, బోరుబండి మెకానిక్ సైదులు భార్య ఝాన్సీ ఏడు నెలల కూతురు తన్వితో గులులో దిగింది. ఇంటర్ మధ్యలో మానేసిన పిల్ల, అక్కడ ఎవరి మాటా అర్థం కాదు. బిడ్డను చూసుకోవడానికి లామ్వాకా కుదిరింది. నన్ను సంచిలో వేసుకుని మరీ వచ్చింది.

ఇక చూడండి అనుమానాలు. లామ్వాకా కలిపిన పాలను ఝాన్సీ వాసన చూసేది, తలుపు సందులోంచి కనిపెట్టుకుని ఉండేది. ఝాన్సీ తన్వి బుగ్గన దిష్టిచుక్క పెడితే, మసి అంటిందనుకుని లామ్వాకా తుడిచేసేది. కావాలనే తుడుస్తోందని ఝాన్సీ, ఈ తల్లికి బిడ్డ మొహం కడగడం రాదని లామ్వాకా. ఎవరెత్తుకున్నా గుక్కపట్టే తన్వి, లామ్వాకా నన్ను మెల్లగా వాయిస్తూ పాడితే రెండు నిమిషాల్లో నిద్రపోయేది. అది అన్నిటికన్నా పెద్ద అనుమానమైంది. ఓరోజు ఝాన్సీ నన్ను తిరగేసి, దారాలో వెంట్రుకలో ఉన్నాయేమోనని గోకి గోకి చూసింది. పాత పిండి రాలింది, అంతే.

లామ్వాకా కొన్నేళ్లు అడవిలో తుపాకులవాళ్ల దగ్గర ఉండి వచ్చిందని పక్కింటామె సైగలతో చెప్పగా తెలిశాక ఝాన్సీకి అన్నం సయించలేదు.

"పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లతోని ఉన్నదంట" అంది మొగుడితో.

"ఆమెనే ఎత్తుకపోయిన్రు గదనే" అన్నాడు సైదులు.

"ఏదైతేంది, ఆ పని ఎట్ల చేస్తరో ఎరికున్నట్టే గదా."

ఇంతలో తన్వికి మలేరియా వచ్చింది. తల్లీబిడ్డలు తొమ్మిది రోజులు ఆస్పత్రిలోనే. పదో రోజు ఇంటి ముందు బండి దిగి చూస్తే, గడప దగ్గర పచ్చి పుల్లకు ఆనించి ఒక కోడిగుడ్డు. పక్కన లామ్వాకా, నన్ను చంకన పెట్టుకుని, నవ్వుతూ.

"తొక్కు, మిన్ తన్వి" అని కాలితో చూపించింది. మిన్ అంటే వాళ్ల భాషలో అమ్మ.

గుమ్మం ముందు గుడ్డు కనిపిస్తే మన దగ్గర ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. ఝాన్సీ బిడ్డను గుండెకు అదుముకుంది. చీపురుతో గుడ్డును మెట్టు కిందికి నెట్టింది. "పో" అంది. ఆ మాటకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. లామ్వాకా నన్ను మెట్టు మీద పెట్టి, నా మీద ఊచలు పెట్టి, బుగ్గ కింద చెయ్యి ఆనించి పాప నిద్రకని సైగ చేసింది. పగలని గుడ్డును మట్టిలోంచి తీసుకుని వెళ్లిపోయింది.

నెల తిరిగాక సైదులు వాళ్లు ఒక పల్లెలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. ఆ సంబరానికి ఝాన్సీ నన్నూ పట్టుకుపోయింది, ఎవరికైనా ఇచ్చి వదిలించుకుందామని. అక్కడ, ఏళ్ల తర్వాత ఊరు చేరిన ఒకాయన గడప ముందు గుడ్డు తొక్కి ఇంట్లోకి నడిచాడు. గుడ్డు చితికిందో లేదో, సొరచిప్పలన్నీ ఒక్కసారి మోగాయి. నా వీపు జివ్వుమంది. అదేమిటని ఝాన్సీ మొగుడి చేత ముసలి డ్రైవర్ ఒడోకిని అడిగించింది. దూరం పోయి వచ్చినవాళ్లకు బయట అంటిన చెడు గుడ్డుతోపాటు గడప అవతలే పోతుందట.

"ఇంటి మనిషికే పెడతాం. పరాయివాళ్లకు ఎవరు పెడతారు?" అన్నాడు ఒడోకి.

ఆ తర్వాత ఝాన్సీ అక్కడి ఆటపాటలు చూడలేదు, నన్ను ఎవరికీ ఇవ్వనూ లేదు. మర్నాడు లామ్వాకా గదికి వెళితే తాళం. ఖాళీ చేసింది, ఎక్కడికో చెప్పలేదన్నారు ఇంటివాళ్లు. సైదులు పని ముగిసి తిరుగు ప్రయాణం కట్టేదాకా వెతికింది. దొరకలేదు.

ఇప్పుడు ఝాన్సీయే మధ్యాహ్నాలు నన్ను వాయిస్తుంది. తాళం తప్పుతుంది. తన్వి నవ్వుతుందే గానీ నిద్రపోదు. గేటు దగ్గర ఎవరు ఆగినా ఝాన్సీ ఇప్పటికీ తొంగి చూస్తుంది. అది పోయే భయం కాదు. కాకపోతే తలుపు వేసేముందు ఒక్క క్షణం ఆగుతుంది.

బోరు పనికో, వ్యాపారానికో మీవాళ్లెవరైనా గులు వైపు వెళితే, బజారు వెనక సందుల్లో లామ్వాకా గురించి అడగమనండి. కుడి మోచేతి మీద పాత కాలిన మచ్చ ఉంటుంది, నడుస్తూ గొంతులోనే పాడుకుంటుంది. బాగుందో లేదో చూసి రమ్మనండి. ఎనిమిదేళ్లకు ఆమె తిరిగొచ్చిన రోజున ఎవరూ గుడ్డు పెట్టలేదు. ఒకటి పట్టుకెళ్లమనండి.