పిడుగు కాదు, గాలి

పంతొమ్మిది వందల అరవై రెండు, వైశాఖ మాసం. ఒకనాటి సాయంత్రం ధర్మవరంలో పెనుగాలి లేచింది. గంగాధరప్ప పెరట్లోని వేపమాను కూకటివేళ్లతో పెకిలి, పక్కింటి హనుమంతరాయుడి మిద్దె మీద పడింది. దూలం విరిగి మగ్గం నుజ్జయింది. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న హనుమంతరాయుడి కాలు విరిగింది.

ఆ మాను మొదలు పుచ్చింది, కొట్టించమని హనుమంతరాయుడి భార్య నాగలక్ష్మమ్మ ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది. గంగాధరప్ప చెవిన పెట్టలేదు.

నేతకు పట్టునూలు ఇచ్చే షావుకారు పట్టుబట్టడంతో హనుమంతరాయుడి ఇంటికి అగ్ని బీమా చేయించి ఉన్నారు. నిప్పుకూ పిడుగుకూ పరిహారం వస్తుంది, గాలికి రాదు. ఆ సంగతి తెలుసుకున్న గంగాధరప్ప మర్నాడు పొద్దున్నే మాను మొదట్లో కిరసనాయిలు పోసి కాల్చాడు.

"వదినా, పిడుగు పడిందని చెప్పు. నేను సాక్ష్యం చెప్తా. మీకు మిద్దె లేస్తాది, నా మీదికి మాట రాదు."

మంచంలో ఉన్న హనుమంతరాయుడు గోడవైపు తిరిగాడు. "నీ ఇష్టం," అన్నాడు భార్యతో.

పిడుగు పడిందన్న కబురు అంది మూడోనాడు బీమా ఆఫీసరు వచ్చాడు. మొదలు దగ్గర గొంతుక్కూర్చుని, మసిని వేలితో రాసి వాసన చూశాడు. కలం తీశాడు.

"ఏమమ్మా, పిడుగు పడింది నువ్వు చూస్తివా?"

నాగలక్ష్మమ్మ కూలిన మిద్దె వైపు చూసింది. 'ఊ' అంటే చాలు, నెత్తిన కప్పు నిలుస్తుంది. గంగాధరప్ప రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. లోపల భర్త మూలుగు వినిపించింది.

"లేదు సార్. గాలికి పడింది. పుచ్చిన మాను."

"మరి ఈ మసి?"

ఆమె గంగాధరప్ప వైపు తిరిగింది.

"నేనే కాల్చినా సార్," అన్నాడు గంగాధరప్ప చివరికి, తల వంచుకుని.

ఆఫీసరు పరిహారం రాదని రాసుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో గంగాధరప్ప ఎగిరిపడ్డాడు.

"నోటికాడి కూడు నేలపాలు చేస్తివి కదా!"

"పిడుగు పడిందంటే నా మొగుని కాలు దేవుడు ఇరగ్గొట్టినట్లయితాది. నువ్వు కాదు. అది నేను నా నోటితో ఎట్ల చెప్పేది?"

గంగాధరప్ప లోపలి మంచం వైపు ఒకసారి చూసి, గిరుక్కున తిరిగి వెళ్లాడు.

వారం గడిచాక అతని పెరట్లో రంపపుకోత మొదలైంది. మానులో గట్టిగా ఉన్న భాగాన్ని విరిగిన దూలానికి బదులుగా కోయిస్తున్నాడు. నాగలక్ష్మమ్మను పలకరించలేదు, కొలత కూడా అడగలేదు. ఆమే కొలతాడు తీసుకుని అతని పెరట్లోకి నడిచింది.